కొడైకి వద్దన్నది ఎవరు?

మార్గళి మాసం, అంటే ధనుర్మాసం పొద్దు. రాజపాళయంలో చలి అంటే మరీ అంత చలేమీ కాదు. పడమటి కొండ నెత్తిన కాస్త మంచు దిగుతుంది, అరుగుల మీద పెద్దవాళ్ళు చెవులకు తువ్వాలు చుట్టుకుంటారు, అంతే. ఆ మాత్రానికే ఊరు ఊరంతా కుళిరు కుళిరు అంటూ ముడుచుకుపోతుంది. సుందరవల్లి మాత్రం ఏడాదంతా ఈ చలి కోసమే ఎదురుచూసే మనిషి. వాకిట్లో ముగ్గు ముగించి, పేడముద్దలో గుమ్మడిపువ్వు గుచ్చి, చేతులు కడుక్కుని లోపలికొచ్చి కాఫీ కలిపింది.

నడవలో ఊయలబల్ల మీద మామగారు రామలింగ రాజా కూర్చుని ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి, తెల్లటి బుర్రమీసాలు, మాట బహు తక్కువ. సుందరవల్లి కాఫీ గ్లాసు స్టూలు మీద పెట్టి, పక్కకు తిరిగి నిలబడి, గడప దగ్గర పడుకున్న తెల్లకుక్కతో అంది.

"మల్లీ, కాఫీ పెట్టినాను, ఆరిపోతుందని తాతకు చెప్పు."

మల్లి తోక ఒకసారి నేలకేసి కొట్టింది. పెద్దాయన గ్లాసు అందుకున్నారు.

"మల్లీ, నిన్న చక్కెర ఎక్కువైందని చెప్పు."

"మల్లీ, ఈ దినం తక్కువే వేసినానని చెప్పు."

కొత్తవాళ్ళెవరైనా వింటే పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళే. ఆ ఇంట్లో మాత్రం ఎవరికీ నవ్వు రాదు. కోడలు మామతో ముఖాముఖి మాట్లాడకూడదు, అది ఆ ఇంటి పద్ధతి. సుందరవల్లి కాపురానికి వచ్చిన రోజునుంచీ అంతే. అత్త కుప్పమ్మాళ్ ఉన్నన్నాళ్ళూ ఇటు మాట అటూ అటు మాట ఇటూ ఆవిడే మోసేది. ఆవిడ పోయాక పిల్లలు మోశారు. కూతురు పెళ్ళై సేత్తూరు వెళ్ళిపోయింది, కొడుకు మదురై హాస్టల్లో చేరాడు. ఇక మిగిలింది మొగుడు శివసుబ్రహ్మణ్య, ఈ మల్లి. చిన్న మాటలు మల్లి మోస్తుంది, పెద్ద మాటలు మొగుడు మోస్తాడు.

ఆ రోజు సుందరవల్లి దగ్గర ఉన్నది కుక్కతో చెప్పి పంపే మాట కాదు. అందుకే పెరట్లో అద్దం ముందు గడ్డం గీసుకుంటున్న మొగుడి దగ్గరికి వెళ్ళింది.

"ఏమండి, మామను అడిగినారా?"

"ఏమి అడిగేది?"

"కొడై సంగతి! మళ్ళీ మొదటినుంచీ చెప్పాలనా?"

"ఓ, అదా. అడుగుతాలే. సాయంత్రం మిల్లు నుంచి వచ్చి అడుగుతా."

"శుక్రవారం తెల్లారి కారు బయలుదేరుతుంది, ఆదివారానికి తిరిగి వస్తుంది. ధనం ఇంటికి ఇప్పుడే చెప్పాల, నేను వస్తానో లేదో."

"చెప్పినాను కదా, అడుగుతా అని," అంటూ అతను బుగ్గ ఉబ్బించి కత్తి పెట్టాడు. అంటే మాట అయిపోయిందని అర్థం.

ధనం, భాగ్యం, సుందరవల్లి ముగ్గురూ ఊళ్ళో ఆడపిల్లల బడిలో ఎనిమిదో తరగతి దాకా ఒకే బల్ల మీద కూర్చుని చదివినవాళ్ళు. భూగోళం చెప్పే టీచరమ్మ ఒకసారి కొడైకానల్ వెళ్ళొచ్చి, అక్కడి సరస్సు గురించి పాఠం మానేసి మరీ చెప్పింది. కొండ మీద నీళ్ళంట, నక్షత్రం ఆకారంలో ఉంటాయంట, ఒడ్డమ్మటే నడుచుకుంటూ పోతే చుట్టూ తిరిగి మళ్ళీ బయలుదేరిన చోటికే వస్తామంట. ఒక్కసారి ముగ్గురం కలిసి ఆ చుట్టు చుట్టి రావాలే అని అప్పుడు అనుకున్నారు. అనుకుని ఎంత కాలమైందో! ఒకరు వస్తానంటే ఒకరికి నెలలు నిండేవి. ఒకరికి వీలైతే ఒకరింట్లో జ్వరాలు. ఎండాకాలం సీజనుకు మొగవాళ్ళు, పిల్లలు, చుట్టాలు అందరూ కలిసి కొడై పోతారు కానీ, అక్కడికి పోయినా ఆడవాళ్ళకు వంటిల్లే. తక్కిన నెలల్లో చూస్తే ఊరంతా చుట్టరికాలే, ఒకరింట పెళ్ళి, ఒకరింట చెవులు కుట్టడం. ముహూర్తాలు లేని మార్గళి ఒక్కటే ఈ ఊరి ఆడదానికి ఊపిరాడే నెల. కొడైలో సరస్సు పక్కనే ఉన్న ధనం మరిది బంగళా కూడా ఈ చలికాలంలో ఖాళీగానే ఉంటుంది. ఆ చలికి ఎవరు పోతారు, పిచ్చివాళ్ళు తప్ప! ఈ ముగ్గురూ ఆ పిచ్చివాళ్ళే అయ్యారు.

ఇంకో సంగతి కూడా ఉంది. భాగ్యం మొగుడికి కోయంబత్తూరు మిల్లులో పని కుదిరింది. సంక్రాంతికి తై నెల రాగానే సామాను కట్టి ఇల్లు ఖాళీ చేసి పోతున్నారు. ఈ మార్గళి దాటితే ముగ్గురూ ఒక ఊళ్ళో ఉండరు.

మధ్యాహ్నం ధనం ఇంట్లో సమావేశం. ధనం చేటలో బియ్యం పోసుకుని, ఏరుతూనే పెద్దరికం చెలాయించింది. ముగ్గురిలోనూ గొంతు పెద్దది ఆమెదే.

"ముందు ఇది చెప్పండే. స్వెట్టరు ఎవరి దగ్గర ఉంది?"

రాజపాళయంలో స్వెట్టరుతో ఎవరికి పని?

"మా ఆయన మఫ్లరు ఒకటి ఉంది," అంది భాగ్యం.

"దాన్నే ముగ్గురం చుట్టుకొని పడుకునేదా?"

"మా వాడి ఎన్.సి.సి. స్వెట్టరు పెట్టెలో ఉంది," అంది సుందరవల్లి.

"పట్టుచీర మీద ఎన్.సి.సి. స్వెట్టరా! బోటు దగ్గర నిన్ను చూసి అందరూ సెల్యూట్ కొడతారే వల్లీ!" భాగ్యం వెనక్కి వాలిపోయి నవ్వింది. ముగ్గురూ కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. అంత నవ్వడానికి అందులో ఏమీ లేదు, ముగ్గురూ ఒక చోట ఉన్నారు, అదే.

దారిలోకి పులియోదరై, పెరుగన్నం. కొడైలో నమలడానికి మురుకులు. ధనం ఇంటి డ్రైవరు తాత వయసువాడు, కారు నిదానంగా నడుపుతాడు. వత్తలగుండు దాటినాక కొండదారి మెలికలకు భాగ్యానికి కడుపులో తిప్పుతుందని నిమ్మకాయలు. బోటులో ఎవరు తెడ్డు వెయ్యాలని కాస్త రగడ కూడా జరిగింది.

"సరి, నీ మామ ఏమన్నాడే?" అంది ధనం ఉన్నట్టుండి.

"ఈ సాయంత్రం అడుగుతానన్నారు ఈయన."

ధనం, భాగ్యం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "నువ్వు లేకుంటే మేము పోయి ఏం చేస్తామే, సుమ్మా, ఊరికే నీళ్ళు చూసి వచ్చేదా," అంది భాగ్యం, నవ్వు ఆపేసి.

సాయంత్రం శివసుబ్రహ్మణ్య మిల్లు నుంచి వచ్చాడు. కాళ్ళు కడుక్కున్నాడు, కాఫీ తాగాడు, పేపరు తిరగేశాడు. సుందరవల్లి వంటింటి గుమ్మంలోనే నిలబడి ఉంది. పేపరు మడిచి అతనే అన్నాడు.

"నాయన వద్దన్నాడు."

"ఎందుకంట?"

"ఎందుకని నేను అడగలే. వద్దన్నాక వద్దే. ఆడవాళ్ళు ముగ్గురే, అంత దూరం, ఆ కుళిరులో. నాయనకు ఇష్టం లేదు, వల్లీ. వదిలేయి."

పొయ్యి మీద చారు పొంగుతుంటే సుందరవల్లి దించింది. కొడై ఒక్కటే అయితే ఇంత నొప్పి ఉండేది కాదు. చెల్లెలి సీమంతానికి తెన్కాశి పోతానంటే మామ వద్దన్నారు. బడిలో చిన్నపిల్లలకు కుట్టుపని నేర్పించమని హెడ్‌మిస్ట్రెస్ ఇంటికి వచ్చి మరీ అడిగితే, దానికీ మామ వద్దన్నారు. ఇన్నేళ్ళలో ఆ పెద్దాయన ఆమె ముఖాన ఒక్క కఠినమైన మాట అన్నది లేదు, అననిదల్లా కొడుకు నోటితో అనిపించారు. ఊయలబల్ల కిర్రుమన్నప్పుడల్లా ఆమెకు ఒళ్ళు మండేది. ఆ మంటతోనే వేళకు కాఫీ, వేళకు అన్నం, వేళకు వేణ్ణీళ్ళు. ఒక్కపూట తప్పింది లేదు.

మర్నాడు ధనం ఇంటికి వెళ్ళి, గుమ్మంలోనే నిలబడి, "మీరు పోయి రండే. నాకు కుదరలే," అని చెప్పేసింది. ధనం "అయ్యో పావం, ఆ ముసలాయనకు ఏం పోయేకాలం," అని గొణిగింది. భాగ్యం మాత్రం ఊరుకోలేదు. చేతిలో ఉన్న మురుకుల పిండి గిన్నె ఠపీమని కింద పెట్టి లేచి వచ్చింది.

"నీ మామ వద్దని చెప్పేటప్పుడు నువ్వు నీ చెవులతో విన్నావానే?"

"నేనెట్లా వింటాను? ఈయన వచ్చి చెప్పినారు."

"ఎప్పుడూ ఈయనే చెప్తాడు. నీ మామ ఎప్పుడూ చెప్పడు. ఆయన నోరు తెరిచి ఒక్క మాట చెప్పింది ఎవరూ వినలే, ఊరు ఊరంతా మాత్రం ఆయన్ను రాక్షసుడు అనుకుంటుంది. నేను తై నెలలో పోతానే వల్లీ. మళ్ళీ మనకు ఎప్పుడు కుదురుతుంది చెప్పు? ముసలాళ్ళం అయినాక కర్ర పట్టుకొని చుట్టేదా ఆ చెరువు?"

సుందరవల్లి కొంగుతో ముఖం తుడుచుకుని ఇంటిదారి పట్టింది. దారంతా ఆ మాటే చెవిలో గింగురుమంది. నీ చెవులతో విన్నావానే? లేదు. ఒక్కటి కూడా వినలేదు.

ఆ మరుసటి పొద్దున ఇడ్లీ పెట్టింది. మామగారు పీట మీద కూర్చుని తింటున్నారు. పనిమనిషి వెళ్ళత్తాయి పెరట్లో అంట్లు తోముతోంది. మొగుడు మిల్లుకు వెళ్ళిపోయాడు. మల్లి మాత్రం ఎప్పటిలా గడప దగ్గరే ఉంది. సుందరవల్లి చట్నీ వడ్డించి, స్తంభం పక్కకు జరిగి, కుక్కవైపు తిరిగింది.

"మల్లీ, తాతను ఒక మాట అడుగు. నన్ను కొడైకి పోవద్దన్నారంట. పోనులే. కానీ ఎందుకు వద్దన్నారో ఒక్క మాట చెప్తే నా మనసు కుదుటపడుతుందని..."

సరిగ్గా అప్పుడే వీధిలో ఎవరిదో మేక అరిచింది. మల్లి చెవులు నిక్కబొడుచుకుని, ఒక్క గెంతులో గడప దాటి పరుగు తీసింది. వీధి చివర మొరుగుడు, మేకల కాపరి తిట్లు. ఇక్కడ ఇంట్లో మాత్రం మోసేవాళ్ళు లేక సుందరవల్లి మాట నడవలో అట్లాగే నిలబడిపోయింది.

పెద్దాయన చేతిలో ఇడ్లీ ముక్క ఆగింది. కుక్క ఉండాల్సిన చోటు చూశారు. అక్కడ ఎవరూ లేరు. కాస్సేపు ఆ ఖాళీ గడపనే చూసి, మెల్లగా తల ఎత్తి కోడలి ముఖంలోకి చూశారు.

"ఎవరమ్మా వద్దన్నది?"

సుందరవల్లి స్తంభం పట్టుకుంది. ఆ గొంతు తనతో మాట్లాడటం ఇదే మొదటిసారి. గొంతులో గట్టితనమేమీ లేదు, కాస్త బొంగురు, అంతే.

"మీరే, మామా," అంది. అనేసిందని అన్నాక తెలిసింది.

"నేనా? కొడైకి ఎవరు పోతున్నారు?"

"మీకు... మీకు చెప్పలేదా?"

"నాకు ఎవరు చెప్తారు? ఈ ఇంట్లో నాకు కాఫీ ఆరిపోతుందనే మాట తప్ప వేరే మాట వచ్చి ఎంత కాలమైంది!"

సుందరవల్లి అంతా చెప్పింది. ధనం, భాగ్యం, సరస్సు, చలికాలం బంగళా, శుక్రవారం కారు. ఒక్కో మాటా బయటికి వస్తుంటే తరువాతి మాట సులువయింది. అన్నీ అయ్యాక, ఎప్పటినుంచో లోపల నలుగుతున్నది కూడా తోసుకొచ్చింది.

"మా చెల్లెలి సీమంతానికి తెన్కాశికి కూడా పోవద్దన్నారు కదా, మామా?"

"నేనెందుకంటానమ్మా! నువ్వే పోలేదంటే, ఇదేమి పుట్టింటి మీద మమకారం లేని పిల్ల అని నేనే నీ మీద మనసు కష్టపెట్టుకున్నాను."

"బడిలో కుట్టుపని నేర్పమన్నారే, అదీ..."

"ఏ బడి? ఏ కుట్టుపని?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పెరట్లో అంట్ల చప్పుడు ఆగిపోయింది. వెళ్ళత్తాయి చెవులు ఇటే ఉన్నాయని వేరే చెప్పాలా! పెద్దాయన చెయ్యి విస్తరి మీద నుంచి తీసేశారు. ఆయన ముఖంలో ఏదో గుర్తుకొచ్చి, ఆ గుర్తుకొచ్చిందాన్ని అడగాలా వద్దా అని తడుముకుంటున్నట్టు కనిపించింది.

"అయితే బొమ్మయ్య సంగతి?" అన్నారు.

"ఏ బొమ్మయ్య? మంసాపురం ఆయనా?"

"ఆమా, వాడే. మీ అత్త పోయినాక నాకు ఈ ఇంట్లో పొద్దు పోలే. వాడిని పిలిచి ఇక్కడ నాలుగు దినాలు ఉంచుకుంటామని సుబ్రహ్మణ్యను అడిగినాను. నీకు వీలు కాదని చెప్పినావంట. బయటి మనుషులకు వండి పెట్టేది నావల్ల కాదన్నావంట."

"అయ్యో మామా!" సుందరవల్లి రెండు చేతులతో నోరు మూసుకుంది. "నన్ను ఎవరూ అడగనే లేదు. నేనెందుకు అంటాను ఆ మాట!"

మంసాపురం బొమ్మయ్య ఆమెకు బాగా తెలుసు. మామ స్నేహితుడు, నల్లటి పొడుగాటి రైతు, వచ్చినప్పుడల్లా సంచీ నిండా వేరుశనగకాయలు తెచ్చేవాడు. అరుగు మీదే కూర్చునేవాడు, లోపలికి వచ్చేవాడు కాదు, అన్నం వేళ కాకముందే లేచి వెళ్ళిపోయేవాడు. కులం పట్టింపుతో మామే అతన్ని గడప దాటనివ్వడం లేదని ఆమె ఇన్నాళ్ళూ అనుకుంది. ఎంత పొరపాటు! కోడలికి కష్టమవుతుందని ఆ ఇద్దరు ముసలివాళ్ళూ అరుగు మీదే సర్దుకున్నారు. ఆ బొమ్మయ్య మొన్న ఆవణి నెలలో పోయాడు. మామగారు బస్సెక్కి వెళ్ళి చూసి వచ్చి, రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. ఆమె ఏమో ఒంట్లో బాగాలేదేమో అనుకుని మిరియాల చారు పెట్టింది.

"నేను వండిపెట్టేదాన్ని, మామా," అంది సుందరవల్లి, ఏడుస్తూ. "నాలుగు దినాలు కాదు, నెల ఉన్నా వండిపెట్టేదాన్ని."

"తెలుసు," అన్నారు పెద్దాయన. "ఇప్పుడు తెలుసు." ఆయన కళ్ళు తుడుచుకోలేదు, మీసాల మీదికి జారుతుంటే జారనిచ్చారు.

మధ్యాహ్నం భోజనానికి శివసుబ్రహ్మణ్య వచ్చేసరికి ఇల్లు మామూలుగానే ఉంది. విస్తరి వేసి ఉంది. ఒక్కటే తేడా. నడవలో తండ్రి కూర్చుని ఉన్నారు, ఆయనకు ఎదురుగా, స్తంభం చాటున కాదు, ఎదురుగానే భార్య నిలబడి ఉంది.

"కూర్చో," అన్నారు పెద్దాయన. "నేను కొడైకి వద్దని ఎప్పుడు చెప్పినాను?"

శివసుబ్రహ్మణ్య తండ్రిని చూశాడు, భార్యను చూశాడు. అబద్ధం బయటపడ్డదన్న సంగతి తరువాత తట్టింది. ముందు తట్టింది వేరు.

"నువ్వు నాయనతో మాట్లాడినావా!" అన్నాడు, గుడ్లు తేలేసి.

"ఆమా. మాట్లాడినాను," అంది సుందరవల్లి. "మాట్లాడితే ఇల్లేమీ కూలిపోలేదు, చూడండి."

అతను ఉన్నచోటే కూలబడిపోయాడు. మిల్లులో నలుగురి మీద పెత్తనం చేసే మనిషి, ఇక్కడ చెప్పు దొంగిలించి దొరికిపోయిన పిల్లాడిలా చేతులు నలుపుకున్నాడు.

"బొమ్మయ్యను పిలవద్దన్నది వల్లి కాదంట," అన్నారు పెద్దాయన. గొంతు పెంచలేదు. పెంచి ఉంటేనే బాగుండేది.

"నాయనా... ఆయన బీడీ తాగుతాడు, గట్టిగా మాట్లాడుతాడు. మన ఇంటికి మిల్లు వాళ్ళు వచ్చి పోతా ఉంటారు. ఆ మాట నోరు తెరిచి మీతో చెప్పేదానికి నాకు భయం. అందుకని వల్లి పేరు చెప్పినాను. అది వచ్చి మీతో మాట్లాడేది లేదు, మీరు పోయి దాన్ని అడిగేది లేదు..."

"కాబట్టి మాకు తెలిసేదీ లేదు," అని సుందరవల్లి ముగించింది.

"అమ్మ కూడా ఇట్లే కదా చేసేది," అన్నాడు అతను, మెల్లగా. "తనకు అక్కరలేనిదంతా నాయనకు ఇష్టం లేదనే చెప్పేది. ఇంట్లో ఇట్లే నడుస్తుందనుకున్నాను."

పోయిన కుప్పమ్మాళ్‌ను ఇప్పుడు అడిగేదెట్లా!

సుందరవల్లికి మాత్రం కోపం తగ్గలేదు. తగ్గాలని కూడా లేదు. "నేను ఇన్నేళ్ళూ మామ మీద కోపంతో వండిపెట్టినానండి. ఆయన కంచంలో అన్నం పెట్టేటప్పుడు కూడా నా లోపల కోపమే. ఆ కోపానికి ఆయన ఏం పాపం చేసినారు? కొడైకి నేను పోతే మీకేం నష్టమండి? ఈ సారి ఎవరి పేరూ చెప్పవద్దు. మీ మాట చెప్పండి."

అతను విస్తరి కొంచెం వెనక్కి జరిపాడు. అన్నం చల్లారిపోతోంది.

"నువ్వు పోతే ఇంట్లో నేనూ నాయనా ఇద్దరమే," అన్నాడు చివరికి. "పిల్లలూ లేరు. పొద్దునా సాయంత్రం ఆయన ఊయల మీద, నేను కుర్చీలో. ఏం మాట్లాడేది, వల్లీ? చిన్నప్పటి నుంచి నాకూ ఆయనకూ మధ్య అమ్మే మాట్లాడింది. తరువాత నువ్వు ఉన్నావు, ఇల్లు నిండుగా ఉండేది, తెలియలే. ఆదివారం దాకా ఆయన ఎదురుగా కూర్చొని ఏం మాట్లాడాలో నాకు తెలీదు. అది చెప్పేదానికి సిగ్గేసింది."

ఇంత పెద్ద మనిషి ఇంత చిన్న మాట చెప్పడానికి అంత పెద్ద అబద్ధం ఆడాలా! సుందరవల్లికి నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది. పెద్దాయన ఊయల గొలుసు పట్టుకుని కొడుకునే చూస్తున్నారు. ఆయన చూపులో కోపం ఉందని చెప్పలేము, లేదని కూడా చెప్పలేము.

"నాకూ తెలీదురా నీతో ఏం మాట్లాడాలో," అన్నారు. "నేనేమి, మహా మాటకారినా!"

శివసుబ్రహ్మణ్య తల ఎత్తి తండ్రిని చూసి, మళ్ళీ దించుకుని, కళ్ళు తుడుచుకున్నాడు. "బొమ్మయ్య మామ విషయం... నేను చేసింది తప్పు, నాయనా. అది ఇప్పుడు నేను సరి చేసేదానికి లేదు."

"లేదు," అన్నారు పెద్దాయన.

భార్య వైపు తిరిగి అతను అన్నాడు: "ఆ కోపం ఇకమీద నా మీదే పెట్టుకో. కానీ కొడైకి పోయి రా."

సుందరవల్లికి అప్పుడు అసలు పోవాలనే అనిపించలేదు. ఇంత జరిగాక, ఈ పెద్దాయన్ను ఈ పరిస్థితిలో వదిలి, స్వెట్టరు వేసుకుని బోటెక్కేదా! "లేదు మామా, ఇంకోసారి చూసుకుంటాము. ఇప్పుడు మీకు మనసు బాగాలేదు," అంది.

"ఇంకోసారి అని నేనూ అనుకున్నానమ్మా," అన్నారు ఆయన. "బొమ్మయ్యను వచ్చే నెల పిలుస్తాము, పంట అయినాక పిలుస్తాము అని. వంటింటి గుమ్మం దాకా వచ్చి నిన్ను ఒక్క మాట నేరుగా అడిగి ఉంటే అయిపోయేది. నాలుగు అడుగులు. నేను అడగలే. నువ్వు అడిగినావు. అడిగినదానివి పోకుండా ఉంటావా? ఆ పిల్ల కోయంబత్తూరు పోతుందంటున్నావే, పోయినాక ఇక్కడ కూర్చొని నా మాదిరి ఏడ్చేదా?"

ఆ తరువాత ఎవరూ వాదించలేదు. శివసుబ్రహ్మణ్య అన్నం తిన్నాడు. వెళ్ళత్తాయి పెరటి గుమ్మంలో నుంచి, "అమ్మా, కొడైకి పోతే ఎంగళుక్కు, మాకు కూడా బేరిపండ్లు తీసుకురండి," అని అరిచి, తను ఇంతసేపూ విన్నదని తనే చెప్పేసుకుంది.

శుక్రవారం తెల్లారేసరికి కారు వాకిట్లో ఆగింది. ముగ్గును తొక్కించినందుకు ధనం డ్రైవరును గట్టిగానే చీవాట్లు పెట్టింది. భాగ్యం మొగుడి మఫ్లరు తలకు చుట్టుకుని కిటికీలోంచి చెయ్యి ఊపుతోంది. సుందరవల్లి ఎన్.సి.సి. స్వెట్టరు చేతిలో పట్టుకుని, వేసుకోవడానికి ఇంకా సిగ్గుపడుతూ, మెట్లు దిగింది. మొగుడు సంచీ తెచ్చి కారులో పెట్టాడు. మధ్యాహ్నానికి ఏ కూర చెయ్యాలో వెళ్ళత్తాయికి చెప్పావా అని రెండుసార్లు అడిగాడు. చెప్పానని ఆమె రెండుసార్లూ విసుక్కోకుండా చెప్పింది. కోపం పూర్తిగా పోలేదు. అయినా అతని చొక్కా కాలరు మడత పడి ఉంటే సరిచేసింది.

రామలింగ రాజా అరుగు దిగి వీధిలోకి వచ్చారు. ఎదురింటి వాళ్ళు వాకిళ్ళలో నిలబడి చూస్తున్నారు. ఇంటి కోడలు కారెక్కుతుంటే మామ వీధిలోకి రావడం ఆ వీధిలో ఎవరూ చూసి ఉండరు. సుందరవల్లి తల వంచి, చేతులు జోడించింది.

"పోయి వస్తాను, మామా."

"జాగ్రత్త. బోటులో నడుమ కూర్చో, అంచుకు పోవద్దు. కుళిరుకు చెవులు మూసుకో." చెప్పాల్సింది ఇంకా ఉందని ముఖం చూస్తేనే తెలుస్తోంది, అలవాటు లేని పని కదా, మాట దొరకడం లేదు. "ఆ చెరువు చుట్టూ నడుస్తా ముగ్గురూ ఏమేం మాట్లాడుకున్నారో, ఏం చూసినారో, అంతా వచ్చి నాకు చెప్పాల. వీడితో చెప్పి పంపవద్దు. నువ్వే నా ముందర కూర్చొని చెప్పాల."

"నేనే చెప్తాను, మామా."

కారు కదిలింది. వీధి మలుపు తిరిగేదాకా సుందరవల్లి వెనక్కే చూసింది. తండ్రీ కొడుకూ అరుగు మీద పక్కపక్కన కూర్చున్నారు. పెద్దాయన ఏదో అడుగుతున్నారు, కొడుకు వంగి వింటున్నాడు. మలుపు తిరిగాక ఆమె కొంగు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏమే, ఆదివారానికి వచ్చేదానికి ఇంత ఏడుపా!" అంది ధనం, బెదిరిపోయి. "ఏమన్నాడే ఆ ముసలాయన? మళ్ళీ వద్దన్నాడా?"

సుందరవల్లి తల అడ్డంగా ఊపింది. భాగ్యం ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది.

"వచ్చి తనతో మాట్లాడమన్నారే," అంది.